కొబ్బరికాయ నుంచి గుమ్మడికాయ దాకా: సొంత పాటకు వీడియో, పోస్టర్ చేసుకునే కాలేజీ పిల్లల కోసం

డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ప్రాజెక్టు కింద మేం ఒక పాట తీశాం. ఊరికెళ్లే ఆఖరి పల్లెవెలుగు బస్సు మీద పాట. మా క్లాసు కుర్రాడే రాశాడు, ఇంకొకడు ట్యూన్ కట్టాడు. వీడియో పర్వాలేదనిపించింది. తీరా పోస్టర్ చేద్దామని కూర్చుంటే ఒక్క ఫొటో లేదు. రెండు రోజులు షూటింగ్ జరిగింది. అందరి ఫోన్లలో సెల్ఫీలున్నాయి, బిర్యానీ తింటున్న ఫొటోలున్నాయి, పోస్టర్‌కు పనికొచ్చేది మాత్రం లేదు. సరేనని వీడియో ఒకచోట ఆపి, ఆ ఫ్రేమ్ తీసి ఏ3 సైజులో ప్రింట్ చేయిస్తే పాడిన అమ్మాయి చెయ్యి పొగలా వచ్చింది.

ఎందుకలా అయిందో లెక్క చూస్తే తెలిసిపోతుంది. ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక్కో ఫ్రేమ్ 1920×1080, అంటే సుమారు 20 లక్షల పిక్సెళ్లు. ఏ3 కాగితం మీద 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అచ్చు వేయాలంటే 3508×4961, అంటే కోటీ 74 లక్షలు కావాలి. పైగా వీడియోకు షటర్ సెకనులో 50వ వంతు తెరిచి ఉంటుంది. ఆ కాస్త సమయంలో కదిలిన చెయ్యి చెదిరినట్టే పడుతుంది. కదులుతున్నప్పుడు కంటికి అదే బాగుంటుంది, ఆపితే మసక.

అందుకే ఇక్కడ పోస్టర్ పని ఆఖర్న కాదు, రెండో మెట్టులోనే మొదలవుతుంది.

1. ముందు పాట ఎవరిదో తేల్చుకోండి

సినిమా పాట తీసుకుని మన మొహాలతో వీడియో చేసి యూట్యూబ్‌లో పెడితే కాపీరైటు పాటలను గుర్తుపట్టే కంటెంట్ ఐడీ పట్టేస్తుంది. డబ్బులు హక్కుదారుకు వెళ్లడమో, వీడియో కనిపించకుండా పోవడమో జరుగుతుంది. పాటలో మూడు హక్కులు వేరువేరుగా ఉంటాయి: సాహిత్యం, బాణీ, రికార్డింగ్. మన దేశంలో రచయిత, సంగీత దర్శకుల హక్కు వాళ్ల జీవితకాలంతో పాటు ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రికార్డింగ్ హక్కు విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు.

"అన్నమయ్య కీర్తన చేస్తాం, అది అందరిదీ కదా" అంటారు చాలామంది. సాహిత్యం అందరిదే. కానీ ఇవాళ మనం వింటున్న బాణీల్లో చాలావాటిని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి లాంటి ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టారు. మాటలు తీసుకుని కొత్త బాణీ కట్టుకుంటే గొడవ లేదు. జానపదం సంగతీ అంతే. అమ్మమ్మ పాడే బతుకమ్మ పాట మీరు పాడుకోవచ్చు, యూట్యూబ్‌లో ఎవరో చేసిన దాని ట్రాక్ ఎత్తుకోవడానికి వీల్లేదు.

అన్నిటికన్నా సులువు, మీ కాలేజీలోనే పాట కట్టే మనిషిని వెతుక్కోవడం. దొరికాక స్నేహితుడే కదా అని వదిలెయ్యకండి. పాట వీడియోకు వాడుకోవడానికి ఒప్పుకుంటున్నానని ఒక కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి. నటించేవాళ్ల దగ్గరా అంతే. 18 ఏళ్లు నిండకపోతే అమ్మానాన్నల సంతకం.

2. పోస్టర్‌ను ఒక్క వాక్యంలో చెప్పండి

స్క్రిప్టు రాయకముందే ఈ ప్రశ్న వేసుకోండి: ఈ పాటకు ఒకే ఒక్క ఫొటో ఉంటే అందులో ఏముంటుంది? "ఫీల్ ఉండాలి", "నోస్టాల్జియా కనిపించాలి" లాంటివి జవాబులు కావు. వస్తువు చెప్పాలి, చోటు చెప్పాలి, వెలుతురు చెప్పాలి.

మాకు ఇది ఆలస్యంగా తెలిసింది. ఏ3 ప్రింటు పాడయ్యాక, మళ్లీ ఫొటో తీద్దామంటే పాడిన అమ్మాయి అప్పటికే ఊరెళ్లిపోయింది. చేతిలో ఉన్నది ఖాళీ బస్సు, మా కెమెరామన్ జేబులో రుమాలు. బస్సు రాగానే కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకోవడం మనలో ఎవరికి తెలియదు! ఖాళీ సీటు మీద ఎర్ర గళ్ల రుమాలు వేసి, కిటికీలోంచి సాయంత్రపు ఎండ పడుతుండగా ఫొటో తీశాం. పావుగంట పని. పాట మొత్తం అందులోనే ఉంది: ఒకరు రావాలి, ఇంకా రాలేదు. ముందే తట్టి ఉంటే ఆ రుమాలు వీడియోలో కూడా పది చోట్ల ఉండేది. తట్టకపోవడం వల్ల పోస్టర్‌లో ఉన్న వస్తువు వీడియోలో ఒక్కసారి కూడా కనిపించదు. మా మేడమ్ మార్కులు కోసింది అక్కడే, న్యాయంగానే.

ఆ ఒక్క వాక్యం దొరికితే రంగులు కూడా దొరుకుతాయి. ఎర్ర రుమాలు ఉంటే వీడియోలో ఇంకెవరికీ ఎర్ర చొక్కా వేయకండి. డబ్బు ఖర్చులేని ఆర్ట్ డైరెక్షన్ అంటే ఇదే.

3. పాటను కాగితం మీద పరచండి

మా పాట వేగం 100 బీపీఎం, నిమిషానికి వంద బీట్లు. అంటే ఒక్కో బీటు 0.6 సెకను. సెకనుకు 25 ఫ్రేముల లెక్కలో సరిగ్గా 15 ఫ్రేములు. నాలుగు బీట్ల బారు 2.4 సెకన్లు, 60 ఫ్రేములు. పాట 3 నిమిషాల 12 సెకన్లు కాబట్టి మొత్తం 80 బార్లు. ఈ అంకె తెలిస్తే ఎడిటింగ్‌లో సగం టెన్షన్ పోతుంది. మీ ట్యూన్ కట్టే ఫ్రెండ్‌ను బీపీఎం ఎంతో అడిగి రాసుకోండి.

తర్వాత ఒక లాంగ్ నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయండి: సమయం, సాహిత్యం, ఏం కనిపిస్తుంది, ఎక్కడ. పల్లవి, మొదటి బిట్ (మధ్యలో వచ్చే వాద్యాల ముక్క), చరణం, మళ్లీ పల్లవి, ఇలా పాట ఎలా నడిస్తే అలా. పల్లవి మూడుసార్లు వస్తే మూడుసార్లూ ఒకే దృశ్యం పెట్టకండి. మేం మొదటిసారి బస్‌స్టాండ్‌లో జనం, రెండోసారి బస్సులో, మూడోసారి అదే బస్‌స్టాండ్ ఖాళీగా పెట్టుకున్నాం. మాటలు అవే, అర్థం మారిపోతుంది.

ఇక్కడ నా పట్టుదల ఒకటుంది: సాహిత్యంలో ఉన్నదాన్నే తెర మీద చూపించకండి. "వాన" అన్న చోట వాన, "కన్నీళ్లు" అన్న చోట కన్నీళ్లు పెడితే అది స్కూల్ వార్షికోత్సవంలో అభినయ గేయం అవుతుంది.

షూటింగ్‌కు ముందు పాట ఫైనల్ మిక్స్ చేతికి రావాలి. కనీసం నిడివి, వేగం ఖరారు కావాలి. మా ట్యూన్ కట్టినవాడు షూటింగ్ అయ్యాక "రెండో బిట్ సాగుతోంది" అని రెండు బార్లు కోసి పంపాడు. ఆ ఒక్క ముక్కకు ఎడిటర్ వాడితో వారం రోజులు మాట్లాడలేదు.

4. లొకేషన్

వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట, గోల్కొండ, చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. టికెట్ కొనుక్కుని ఫోన్‌తో ఫొటో దిగడం వేరు, ట్రైపాడ్ వేసి షూటింగ్ చేయడం వేరు. రెండోదానికి ముందస్తు అనుమతి కావాలి, ఫీజు కట్టాలి. రైలు పట్టాల మీద పాటలు తీసే సరదా ఒకటుంది మన కుర్రాళ్లకు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉంటాయి. ప్రాణం సంగతి సరేసరి. డ్రోన్ 250 గ్రాముల లోపుదైతే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతమాత్రాన ఎక్కడ పడితే అక్కడ ఎగరేయొచ్చని కాదు, డిజిటల్ స్కై మ్యాప్‌లో రెడ్ జోన్ (అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటు) ఉందేమో చూసుకోండి.

మాకు ఆర్టీసీ బస్సు దొరకలేదు. కాలేజీ వెనక టైర్లు దిగిపోయి పడున్న పాత బస్సు దొరికింది. దాన్ని ఎలా పరిగెత్తించామో కింద చెబుతాను.

5. కెమెరా సెట్టింగులు: ఒక్కసారి పెట్టి మర్చిపోవాల్సినవి

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంటాయి. షటర్ 1/60లో పెడితే తెర మీద చారలు పరిగెత్తుతాయి. అందుకని 25 ఫ్రేములు, 1/50 షటర్ పెట్టుకోండి. మీ ఫోన్‌లో 25 లేకపోతే 30కి పెట్టి, ప్రో మోడ్‌లో షటర్ మాత్రం 1/50 లేదా 1/100కి లాక్ చేయండి. ఐఫోన్‌లో కెమెరా సెట్టింగుల్లో పాల్ (PAL) ఫార్మాట్లు ఆన్ చేస్తే 25 వస్తుంది.

ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ), ఫోకస్ మూడూ లాక్ చేయాలి. లేకపోతే షాట్ మధ్యలో తెల్ల చొక్కావాడు అడ్డం రాగానే మొత్తం చీకటైపోతుంది. ఫోన్ సొంత కెమెరా యాప్‌లతో ఇంకో చిక్కుంది. ఫ్రేములు సమానంగా రాయవు, వేరియబుల్ ఫ్రేమ్ రేట్‌లో రాస్తాయి. ఎడిటింగ్‌లో పాట మొదట్లో కలిసిన పెదాలు చరణం వచ్చేసరికి జారిపోతాయి. ఉచితంగా దొరికే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ వాడండి. అప్పటికే తీసేసి ఉంటే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కు మార్చుకోండి.

లైట్లకు డబ్బు తగలేయకండి. రెండు థర్మోకోల్ షీట్లు చాలు. ఎండ కెమెరాకు ఎదురుగా వస్తుంటే ఒకటి మొహం వైపు పట్టుకుంటే కళ్ల కింద నీడలు పోతాయి. మిట్ట మధ్యాహ్నం తీయాల్సి వస్తే తెల్ల దుప్పటిని నలుగురు నాలుగు కొసలు పట్టుకుని పైన అడ్డం పెట్టండి. సినిమావాళ్లు స్కిమ్మర్ అనేది దాన్నే. తెల్లవారి ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు, ఈ రెండు వేళల్లో ముఖ్యమైన షాట్లు పెట్టుకుని మధ్యాహ్నం నీడపట్టున తీసే పని చూసుకోండి.

6. షూటింగ్ రోజు

కొబ్బరికాయ కొట్టుకోండి, తప్పేం లేదు. ముక్కలు పంచాక మాత్రం వెంటనే పని మొదలుపెట్టాలి. మా సగం ఉదయం ముహూర్తం షాట్ ఇన్‌స్టాగ్రామ్ స్టోరీకే పోయింది.

సినిమా సెట్లలో పాట ప్లే చేయడాన్ని నాగ్రా అంటుంటారు, ఒకప్పటి టేప్ రికార్డర్ పేరది. మీ నాగ్రా ఒక బ్లూటూత్ స్పీకర్. పాట ఫైల్‌కు ముందు మూడు బీప్‌లు కలిపి పెట్టుకోండి, పాడేవాళ్లకు ఎత్తుగడ దొరుకుతుంది. స్పీకర్ పాడే మనిషికి దగ్గరగా ఉండాలి. శబ్దం సెకనుకు 340 మీటర్ల చొప్పున వెళ్తుంది, అంటే 13 మీటర్ల దూరానికి దాదాపు ఒక ఫ్రేము ఆలస్యం. చెరువు గట్టు మీద అమ్మాయిని నిలబెట్టి మీరు 40 మీటర్ల అవతల జూమ్‌లో తీస్తే కెమెరా మైకులో పాట మూడు ఫ్రేములు వెనక పడుతుంది. ఎడిటింగ్‌లో ఆ మైకు పాటతో కలిపాక క్లిప్‌ను మూడు ఫ్రేములు ఆలస్యంగా మొదలయ్యేలా జరిపితే సరిపోతుంది, ఆ సంగతి గుర్తుంటే చాలు.

పెదాలు కదపడం కాదు, నిజంగా గొంతెత్తి పాడమనండి. నరం కదిలితేనే నమ్ముతారు. ఒక్కో లొకేషన్‌లో లిప్ (పాడుతూ కనిపించే భాగం) మొత్తం మూడు సైజుల్లో తీసుకోండి: దూరం, నడుము దాకా, మొహం. ఆ తర్వాతే వింత యాంగిల్స్.

స్లో మోషన్‌లో నడుస్తున్నా పెదాలు పాటతో కలిసి ఉండటం మీరు చూసే ఉంటారు. అందులో మాయేం లేదు. పాటను రెట్టింపు వేగంతో ప్లే చేసి, 50 ఫ్రేముల్లో, 1/100 షటర్‌తో తీస్తారు. ఎడిటింగ్‌లో 25కి నెమ్మదిస్తే పెదాలు మామూలు వేగానికి వస్తాయి, జుట్టు, చున్నీ మాత్రం తేలుతున్నట్టు కదులుతాయి. 30, 60తో కూడా ఇదే లెక్క. రెట్టింపు వేగంతో పాడటం నవ్వులాట కాదు, ముందు రోజే ప్రాక్టీస్ చేయించండి. ఒకటి రెండు లైన్లకే వాడండి.

ఇక బస్సు. చీకటి పడ్డాకే తీశాం, కిటికీ బయట ఏమీ కనిపించకూడదు కాబట్టి. వెనక బంపర్ కింద ఒక దుంగ పెట్టి ఇద్దరు మెల్లగా పైకి కిందికి ఊపారు. బయట ఒకడు టార్చి పట్టుకుని కిటికీల పక్కన పరిగెత్తాడు, వీధి దీపం దాటిపోయినట్టు. ఇంకొకడు ఆ వెలుతురుకు అడ్డంగా వేపకొమ్మ ఆడించాడు. మొదటి టేక్ చూసుకుని అందరం పడీపడీ నవ్వాం. టార్చి వాడు వెనక నుంచి ముందుకు పరిగెత్తాడు, బస్సు రివర్సులో పోతున్నట్టుంది! దీపాలు ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే పోవాలి. కెమెరా కూడా కొద్దిగా ఊగాలి, కానీ బస్సుతో పాటు కాదు, ఒక్క క్షణం ఆలస్యంగా. ట్రైపాడ్ మీద పెడితే బొమ్మలా ఉంది. చేత్తో పట్టుకుని సీటు అంచున కూర్చుంటే సరిగ్గా వచ్చింది. చూసినవాళ్లెవరూ అది నిలబడ్డ బస్సని కనిపెట్టలేదు.

ఇప్పుడు అసలు మాట. షెడ్యూలులో "స్టిల్స్, 20 నిమిషాలు" అని విడిగా రాయండి, ఒక్కో లొకేషన్‌కు. అందరూ డ్రెస్సులో ఉన్నప్పుడు, వెలుతురు బాగున్నప్పుడు, వీడియో ఆపి. ఫోన్ ఫొటో అయినా 12 మెగాపిక్సెల్ (కోటీ 20 లక్షల పిక్సెళ్లు) ఉంటే 300 కాకపోయినా సుమారు 240 డీపీఐ వస్తుంది, ఏ3 పోస్టర్‌కు అది సరిపోతుంది. షటర్ 1/250 పైన. ఒకే దృశ్యాన్ని అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి తీయండి. టైటిల్ కోసం ఒక పక్క ఖాళీ వదలండి: ఆకాశమో, గోడో, సీటు వీపో. మనుషులను ఫ్రేము నిండా కుక్కితే అక్షరాలు ఎవరో ఒకరి నుదుటి మీద పడతాయి.

గుమ్మడికాయ కొట్టే ముందు కార్డు, ఫోన్లు అన్నీ రెండు చోట్ల కాపీ చేయండి.

7. ఎడిటింగ్

కంప్యూటర్ ఉంటే డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్, మీ అవసరానికి మించే ఉంటుంది. ఫోన్‌లోనే అంటే కైన్‌మాస్టర్. ముందు పాట వేవ్ ఫైల్ పరిచి, దాని మీద టేకులన్నీ మెట్లు మెట్లుగా పేర్చి, కెమెరా మైకులో పడ్డ పాటతో కలపండి. అన్నీ కలిశాక ఏది బాగుందో చూసుకుంటూ పోవడమే.

ప్రతి బీటుకూ కట్ పెట్టకండి. రెండు పల్లవులు అయ్యేసరికి చూసేవాళ్లకు తలనొప్పి వస్తుంది. డప్పు దెబ్బ మీద కట్ పెట్టాలనుకుంటే దెబ్బ కన్నా ఒకటి రెండు ఫ్రేములు ముందే కట్ పెట్టి చూడండి, దెబ్బ బలంగా తగులుతుంది. మొత్తం అయ్యాక సౌండు తీసేసి ఒకసారి చూడండి. పాట లేకపోయినా కథ అర్థమైతే మీ కూర్పు నిలబడినట్టే. రంగుల దగ్గర మొహం రంగు మొహంలా ఉండేలా చూసుకుని ఆగిపోండి. మిగతా రంగు మీరు రుమాలు దగ్గరే చేసేశారు.

8. పోస్టర్, థంబ్‌నెయిల్, కవర్

ఒకే ఫొటోతో ఇన్ని ఆకారాలు కావాలి: యూట్యూబ్ థంబ్‌నెయిల్‌కు 1280×720, పాటల యాప్‌లలో కవర్‌కు 3000×3000 చదరం, వాట్సాప్ స్టేటస్‌కు 1080×1920 నిలువు, నోటీసు బోర్డుకు ఏ3. ముందు ఏ3 చేసి దాన్ని కోస్తూ పోకండి. నాలుగు ఖాళీ కాగితాల మీద నాలుగూ పెన్సిల్‌తో విడివిడిగా గీసుకోండి. చదరంలో సీటు, రుమాలు సరిపోతాయి. స్టేటస్‌లో కిటికీ కూడా కావాలి.

తెలుగు అక్షరం దగ్గర ఆగి కాస్త శ్రద్ధ పెట్టాలి. మనకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఇంగ్లీషుకు వదిలినంత చోటే వదిలితే పై లైను వత్తు కింది లైను గుడిలో ఇరుక్కుంటుంది. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగు జోలికి వెళ్లకండి, వత్తు ఒకచోట, అక్షరం ఒకచోట అవుతాయి. ఫొటోషాప్‌లో వత్తులు విడిపోయి వస్తుంటే అది ఫాంటు తప్పు కాదు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుని కొత్త ఫైల్ తెరవండి. పాత వెర్షన్లలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది.

ఫాంట్లకు కొదవ లేదు. రామభద్ర, ధూర్జటి, తిమ్మన, సురవరం, రవిప్రకాష్ అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. లావు అక్షరం కావాలంటే రామభద్ర నమ్మకస్తురాలు. అయినా నన్నడిగితే టైటిల్ చేత్తో రాయండి. ఈశ్వర్ లాంటి పబ్లిసిటీ డిజైనర్లు సినిమా టైటిళ్లకు చేత్తోనే ప్రాణం పోశారు. తెల్ల కాగితం మీద లావు మార్కర్‌తో ఇరవైసార్లు రాయండి, బాగున్నదాన్ని పగటి వెలుతురులో ఫొటో తీసి కాంట్రాస్టు పెంచితే నలుపు, తెలుపు విడిపోతాయి. మేం "ర" తలకట్టును రుమాలు కొసలా సాగదీశాం. ఆ పని ఏ ఫాంటూ చేయదు. పేర్ల వరుసలో రచన, స్వరం, గానం, ఛాయాగ్రహణం, కూర్పు అని పెట్టి, ఆ పేర్లను వాళ్లతోనే చదివించండి. తన పేరులో తప్పు అచ్చయితే ఎవరికైనా జీవితాంతం గుర్తుంటుంది.

థంబ్‌నెయిల్‌లో కుడి కింది మూల ఖాళీగా వదలండి, యూట్యూబ్ అక్కడ నిడివి వేస్తుంది. రెండు మూడు మాటలకు మించకూడదు, ఫైల్ మరీ పెద్దది కాకుండా చూసుకోండి. కవర్ మీద వెబ్‌సైటు, క్యూఆర్ కోడ్, ఇన్‌స్టా ఐడీ పెడితే పాటను యాప్‌లకు పంపే డిస్ట్రిబ్యూటర్లు తిరగ్గొడతారు.

ప్రింటుకు ఫైల్‌ను సీఎంవైకేలో (అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతి), కత్తిరింపు కోసం చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా ఉంచి, అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే బొమ్మలుగా మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. చాలా ప్రింటింగ్ షాపుల్లో అను అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లు ఉంటాయి, మీ యూనికోడ్ ఫాంటు ఉండకపోవచ్చు. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఫొటోగా కాదు, డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా పంపితే పిక్సెళ్లు దారిలోనే సగం రాలిపోతాయి.

9. విడుదల

వారం ముందు పోస్టర్, మూడు రోజుల ముందు 20 సెకన్ల ప్రోమో, తర్వాత పాట. కాలేజీ పాటకు ఇంతకు మించిన హడావిడి అక్కర్లేదు.

మేం సాయంత్రం ఏడుకు అని అందరికీ చెప్పి, ఆరూ యాభైకి అప్‌లోడ్ మొదలుపెట్టాం. యూట్యూబ్ ముందు తక్కువ క్వాలిటీ సిద్ధం చేస్తుంది, హెచ్‌డీ రావడానికి ఇంకొంత సమయం పడుతుంది. మొదటి గంటలో చూసినవాళ్లంతా "ఏంట్రా మసగ్గా ఉంది" అని మెసేజ్‌లు పెట్టారు. అందుకని ముందు రోజు రాత్రే అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా) పెట్టండి. కాపీరైటు క్లెయిమ్ ఏదైనా ఉంటే అప్పుడే బయటపడుతుంది. హెచ్‌డీ వచ్చిందో లేదో, పెదాలు కలుస్తున్నాయో లేదో వేరే ఫోన్‌లో చూసుకుని, చెప్పిన వేళకు పబ్లిక్ చేయండి.

థంబ్‌నెయిల్‌ను కూడా వేరే ఫోన్‌లోనే చూడాలి. నేను అమ్మ ఫోన్‌లో చూశాను, బ్రైట్‌నెస్ ఎప్పుడూ తక్కువలో ఉంటుంది, తెర మీద గీతలు. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని, "ఎవరిదిరా ఆ రుమాలు? ఇంకా రాలేదా?" అంది. దాన్ని మళ్లీ ముట్టుకోలేదు.